డేట్ 70 రోజులైనా రాలేదు, ఇంట్లో చేసుకునేవాటిలో నిజంగా పనిచేసేవి ఉన్నాయా?

వానచినుకు:

అందరికీ నమస్తే. చాలా రోజులుగా అడగాలనుకుంటూ ఆగిపోతున్నాను. ఇంట్లో అడిగితే అమ్మకి టెన్షన్, బయట అడగాలంటే మొహమాటం, అందుకే ఇక్కడ రాస్తున్నా. నాకు 26 ఏళ్లు, పెళ్లి కాలేదు, మాది తెనాలి దగ్గర పల్లె, హైదరాబాద్‌లో హాస్టల్‌లో ఉంటూ రాత్రి షిఫ్ట్ ఉద్యోగం చేస్తున్నాను. రెండేళ్ల కిందటి దాకా నా డేట్ 30, 32 రోజులకి ఠంచనుగా వచ్చేది. ఈ షిఫ్ట్‌లోకి మారాక 40 దాటింది, ఆ తర్వాత 50, ఈసారి ఇవాళ్టికి 70 రోజులు. వచ్చినా ఒకసారి రెండు రోజులు మచ్చల్లా కనిపించి పోతుంది, ఇంకోసారి తొమ్మిది రోజులు వదలదు. బరువు 56 నుంచి 67కి వచ్చింది. గడ్డం కింద నాలుగైదు గట్టి వెంట్రుకలు కూడా వస్తున్నాయి, ఆ సంగతి రూమ్మేట్‌కి కూడా చెప్పలేదు.

అమ్మ ఊరి నుంచి మెంతుల పొడి, చిమ్మిలి పంపింది. వీడియోల్లో చూస్తే ఒకరు బొప్పాయి అంటారు, ఒకరు దాల్చిన చెక్క, ఇంకొకరు కలబంద గుజ్జు, "3 రోజుల్లో పీరియడ్ గ్యారంటీ" అని పైన పెద్ద అక్షరాలు. నిన్న దాల్చిన చెక్క, వాము, బెల్లం వేసి గ్లాసుడు నీళ్లు సగమయ్యేదాకా మరిగించి తాగాను. కడుపులో మంట పుట్టి తెల్లారేదాకా నిద్ర పట్టలేదు, డేట్ మాత్రం రాలేదు.

డాక్టర్ దగ్గరికి వెళ్దామంటే అమ్మ వద్దంటోంది. సంబంధాలు చూస్తున్నారు, పెళ్లికాని పిల్ల గైనిక్ దగ్గర కనిపిస్తే నలుగురూ నాలుగు రకాలుగా అనుకుంటారని ఆవిడ భయం. ముందు ఇంట్లోవి ఓ రెండు నెలలు వాడి చూద్దాం అంటోంది. మీలో ఎవరికైనా ఏదైనా నిజంగా పనిచేసిందా? ఎంత, ఎన్నాళ్లు వాడారో కాస్త చెప్పండి ప్లీజ్.


కర్నూలు కోడలు:

చెల్లీ, నేను 14 నెలలు కషాయాలు తాగినదాన్ని, కాబట్టి నా మాట కొంచెం ఓపిగ్గా చదువు.

నాకప్పుడు 29, పెళ్లయి రెండేళ్లు, పిల్లల కోసం చూస్తున్నాం. డేట్ రెండు నెలలకోసారి వచ్చేది. మా అత్తగారి తరఫు వాళ్లు ఒక నాటు వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లారు. ఆయన నాడి పట్టుకుని "గర్భసంచిలో వేడి" అని చెప్పి నల్లటి పొడి పొట్లాలు ఇచ్చాడు, పొద్దున సాయంత్రం తేనెలో. పొట్లం మీద పేరు లేదు, అందులో ఏముందో అడిగితే మూలికలు అన్నాడు అంతే. ఆ పొట్లాలతో పాటు ఇంట్లో మెంతుల నీళ్లు, బొప్పాయి, నువ్వులు అన్నీ నడిచాయి. ఆ 14 నెలల్లో నా జుట్టు దువ్వెనకి గుప్పెళ్లు గుప్పెళ్లుగా వచ్చేది, ఎంత నిద్రపోయినా నీరసం, మే నెల ఎండల్లో కూడా నాకు చలేసేది, కర్నూలులో మే నెలంటే మీకు తెలుసు కదా. ఇవన్నీ ఒకదానికొకటి సంబంధం ఉన్నవని మా ఇంట్లో ఎవరికీ తట్టలేదు, నాకూ తట్టలేదు.

చివరికి మా అక్క పట్టుబట్టి రక్తపరీక్ష చేయిస్తే టీఎస్‌హెచ్ 18 ఉంది. ఉండాల్సింది సుమారు నాలుగు లోపల. థైరాయిడ్ తక్కువైతే ఈ అంకె పెరుగుతుందట, అంటే నాకున్నది థైరాయిడ్ తక్కువ. థైరాయిడ్ తక్కువైతే నెలసరి తప్పుతుందని అప్పుడే తెలిసింది. రోజూ పరగడుపున ఒక చిన్న తెల్ల మాత్ర, నాలుగు నెలలకి డేట్ 31 రోజులకి వచ్చి కూర్చుంది. ఆ మాత్ర మామూలు నీళ్లతోనే వేసుకుని, కనీసం అరగంట ఏమీ తినకుండా, టీ కాఫీ కూడా లేకుండా ఉండమన్నారు. ఐరన్, కాల్షియం మాత్రలుంటే నాలుగు గంటల తేడాతో వేసుకోమన్నారు. నేను మెంతుల నీళ్లు మానలేదు, మధ్యాహ్నానికి మార్చుకున్నా అంతే.

మెంతుల్ని నేనేమీ అనడం లేదు. నా రోగం థైరాయిడ్ అయితే ఎన్ని కిలోల మెంతులు తిన్నా అది తగ్గదు కదా, ఆ సంగతి తెలియడానికి 14 నెలలు పట్టిందే, అదే నా బాధ. నువ్వు అన్ని నెలలు పోగొట్టుకోకు.


పెరటిచెట్టు:

అమ్మాయీ, నాకు 63 ఏళ్లు, నరసాపురం దగ్గర ఊరు, ఫోన్‌లో తెలుగు టైపింగ్ మనవరాలు నేర్పింది, తప్పులుంటే సర్దుకో తల్లీ.

చిమ్మిలి సంగతి చెప్తాను. మా వైపు పిల్ల పెద్దమనిషి అయితే చాపేసి కూర్చోబెట్టి చిమ్మిలి, కొబ్బరి బెల్లం పెడతారు. నాగుల చవితికి చేసేది పచ్చి చిమ్మిలి, పిల్లకి పెట్టేదానికి మాత్రం మా అత్తగారు నువ్వులు కడిగి ఆరబెట్టి, ఇనప మూకుట్లో సన్నసెగ మీద చిటపటలాడేదాకా దోరగా వేయించేవారు. రెండు గ్లాసుల నువ్వులకి ఒక గ్లాసు బెల్లం కోరు. వేడి తగ్గాక రోట్లో వేసి దంచుతుంటే నూనె ఊరుతుంది, రోకలికి అంటుకుని రానంటుంది, అప్పుడు ఉండ కట్టాలి, ఉసిరికాయంత. రోజుకొకటి. అది దేనికి పెట్టేవాళ్లంటే పిల్ల ఒంట్లోంచి రక్తం పోతోంది, నడుం గట్టిపడాలి అని. నువ్వుల్లో ఇనుము ఉంది, కాల్షియం ఉంది, అది మంచిదే. కానీ డేట్ రానిదాన్ని రప్పించడానికి చిమ్మిలి అని మా అత్తగారు ఏనాడూ అనలేదు. "నువ్వులు వేడి, అవి తింటే ముట్టు వస్తుంది" అనే మాట జనంలో ఉంది, నేనూ విన్నాను, మా ఇంట్లో అరవై ఏళ్లుగా నువ్వులు తింటూనే ఉన్నాం, ఎవరికీ తారీఖు ముందుకి జరగలేదు.

వాము, శొంఠి కషాయం కూడా అంతే, అది నొప్పికి. డేట్ వచ్చిన మొదటి రోజు పొత్తికడుపు పట్టేస్తే శొంఠి వేసి కాచిన నీళ్లు, వేడి ఇసుక మూట కాపడం, ఇప్పుడు మీరు రబ్బరు సంచి పెట్టుకుంటున్నారు కదా, అదే.

ఇంకో మాట, ఇది రాయాలా వద్దా అనుకున్నా. మా తోటికోడలికి 47వ ఏట నెలసరి పన్నెండేసి రోజులు రావడం మొదలైంది. ముట్లుడిగే వయసు, ఇలాగే ఉంటుందిలే అని మేమే చెప్పాం, నేను కూడా చెప్పాను. అరటి దూట రసం తాగించాం, మజ్జిగలో మెంతులు. మెట్లెక్కుతుంటే ఆయాసం, పాలిపోయిన గోళ్లు. ఆసుపత్రికి తీసుకెళ్లేసరికి రక్తం ఆరు గ్రాములకి పడిపోయింది, మూడు సీసాలు ఎక్కించారు. గర్భసంచిలో గడ్డ, ఫైబ్రాయిడ్ అంటారే, అది. బతికింది, ఇప్పుడు బాగుంది. కానీ ఆ ఏడాది అంతా ఆవిడ పొయ్యి దగ్గర గోడకి ఆనుకుని నిలబడి వంట చేసేది, అది నా కళ్లముందు ఇప్పటికీ ఉంది. మేం పెద్దవాళ్లం చెప్పే వైద్యాలన్నీ చెడ్డవి కావు, కానీ మాకు లోపల ఏముందో కనపడదు తల్లీ. మీ అమ్మకి ఈ మాట చూపించు.


వేపపూత:

అందరూ కలిసి మన వైద్యాన్ని తీసిపారేస్తున్నట్టుంది. నాకు అశోకారిష్టం ఆరు నెలలు వాడాక బాగైంది, ఆయుర్వేదం డిగ్రీ చదివిన డాక్టరే రాశారు. బొప్పాయి కూడా మా ఇంట్లో అందరికీ పనిచేస్తుంది. ఇంగ్లీషు మందులు మొదలుపెడితే హార్మోన్ మాత్రలు జీవితాంతం మింగాలి, అవి ఆపితే మళ్లీ మొదటికి వస్తుంది. బరువు తగ్గి, ఆయుర్వేదం వాడి చూడు, తర్వాత మిగతావి.


సిస్టర్ వరంగల్:

నేను గైనిక్ ఓపీలో 15 ఏళ్లుగా స్టాఫ్ నర్సుని. డాక్టర్ని కాను, మందులు రాయను, కానీ రోజుకి నీలాంటి పిల్లలు పది మంది ఎదురుగా కూర్చుంటారు కాబట్టి పెద్దగానే రాస్తాను, ఏమనుకోకు.

ముందు లెక్క. సగం మంది లెక్క తప్పుగా చెప్తారు, డేట్ ఆగిన రోజు నుంచి లెక్కపెడతారు. అలా కాదు, రక్తం కనిపించిన మొదటి రోజు నుంచి మళ్లీ కనిపించిన మొదటి రోజు దాకా. పెద్దవాళ్లలో 21 నుంచి 35 రోజుల లోపల ఎన్ని రోజులకి వచ్చినా మామూలే, ఒక నెల 27, ఒక నెల 31 అయితే అది తేడా కాదు. కొత్తగా పెద్దమనిషైన పిల్లల్లో మొదటి రెండు మూడేళ్లు 45 రోజుల దాకా జరగొచ్చు, దానికి తల్లులు కంగారుపడక్కర్లేదు. నీ వయసులో 50, 70 అంటే మాత్రం కారణం వెతకాలి. గోడ మీద క్యాలెండర్‌లో చుక్క పెట్టుకున్నా చాలు, యాప్ అవసరం లేదు.

ఇప్పుడు లోపల ఏం జరుగుతుందో చెప్తాను, అది తెలిస్తే ఏ వంటింటి చిట్కా ఎందుకు పనిచేయదో నీకే తెలుస్తుంది. నెల మొదటి సగంలో ఈస్ట్రోజన్ గర్భసంచి లోపలి పొరను మందంగా పెంచుతుంది. మధ్యలో అండం విడుదలవుతుంది. విడుదలైన చోటు నుంచి ప్రొజెస్టరాన్ వచ్చి ఆ పొరని రెండు వారాలు నిలబెడుతుంది, గర్భం రాకపోతే ప్రొజెస్టరాన్ పడిపోతుంది, పొర ఊడి డేట్ వస్తుంది. అంటే డేట్ లేటయిందంటే చాలాసార్లు అండమే లేటయింది, లేదా అసలు రాలేదు. అండం రాకపోతే ప్రొజెస్టరాన్ లేదు, పొర మాత్రం నేల మీద అలుకు మీద అలుకు వేసినట్టు పెరుగుతూనే ఉంటుంది, ఎక్కడో ఒకచోట పెళుసై కొంచెం కొంచెం రాలుతుంది, అదే నీ మచ్చలు. ఒక్కసారిగా కూలితే అదే నీ తొమ్మిది రోజులు. ఇలా ఏళ్ల తరబడి పొర పెరిగితే ముందు ముందు గర్భసంచి క్యాన్సర్ ప్రమాదం పెరుగుతుంది, అందుకే 90 రోజులు డేట్ రాకపోతే ఆగొద్దు అని మేం గట్టిగా చెప్తాం. భయపెట్టడానికి చెప్పడం లేదు, నీకు 70 రోజులే, సమయం ఉంది.

బొప్పాయి గురించి అందరూ అడుగుతారు. పచ్చి బొప్పాయి పాలని ఎలుకల గర్భసంచి కండరం మీద పరీక్షించినప్పుడు అది బిగుసుకున్న మాట నిజం. పండిన బొప్పాయి రసంతో అలా జరగలేదు. కండరం బిగుసుకోవడం వేరు, అండం విడుదలవడం వేరు. నీకు ఆగిపోయింది రెండోది. దాల్చిన చెక్క మీద పీసీఓడీ, అంటే అండాశయంలో అండం పక్వానికి రాక నెలసరి తప్పే సమస్య, ఉన్నవాళ్లలో ఒక చిన్న పరీక్ష జరిగింది, రోజుకి గ్రామున్నర చొప్పున ఆరు నెలలు ఇస్తే నెలసరి కొంచెం మెరుగైంది, కానీ అది చాలా కొద్దిమంది మీద. నువ్వు వీడియో చూసి మరిగించినట్టు ముక్కలు ముక్కలు వేసి రోజూ తాగితే, మన బజారులో దొరికే ముదురు చెక్క రకంలో కూమరిన్ అనే పదార్థం ఉంటుంది, ఎక్కువైతే లివర్‌కి చేటు. మెంతులు పీచుపదార్థం, తిన్నదాంట్లో చక్కెర రక్తంలోకి నెమ్మదిగా చేరేలా చూస్తాయి, ఆహారంగా మంచివే, ఒక చెంచా నానబెట్టుకుని తిను. అల్లం, శొంఠి నొప్పికి పనిచేస్తాయి, పెద్దమ్మగారు సరిగ్గా చెప్పారు.

వేపపూత గారూ, డిగ్రీ ఉన్న ఆయుర్వేద డాక్టర్ పరీక్షలు చూసి రాసిన మందుకీ, పేరులేని పొట్లానికీ చాలా తేడా ఉంది, మీరు వాడినది మొదటి రకం, అది మంచిదే. కానీ అశోకారిష్టం లాంటి మందుల్లో పులియడం వల్ల పుట్టే ఆల్కహాల్ ఉంటుంది, గర్భం ఉందేమో తెలియకుండా వాడకూడదు. హార్మోన్ మాత్రలు జీవితాంతం అనేది నిజం కాదు. చాలామందికి కొన్ని నెలలు ఇచ్చి ఆపుతారు. ఆపాక మళ్లీ తప్పిందంటే మాత్ర అలవాటైందని కాదు, అడుగున కారణం అలాగే ఉందని.

చెల్లీ, నిన్ను నాలుగు అడుగుతాను, ఇక్కడ రాయడం ఇష్టం లేకపోతే కాగితం మీద రాసుకుని డాక్టర్‌కి చూపించు. మెడ వెనక, చంకల్లో నల్లగా మందంగా ఉందా? మా దగ్గరికి వచ్చే పిల్లలు దాన్ని మురికి అనుకుని పీచుతో ఎర్రగా కందేదాకా రుద్దుకుని వస్తారు, అది మురికి కాదు, ఒంట్లో ఇన్సులిన్ ఎక్కువగా తిరుగుతోందనడానికి గుర్తు. రొమ్ముల నుంచి పాలలా ఏమైనా వస్తోందా? అది ప్రొలాక్టిన్ అనే పాల హార్మోన్ ఎక్కువైందనడానికి గుర్తు కావచ్చు. ఇంట్లో ఎవరికైనా షుగర్ ఉందా? ఇక ఆఖరిది, పెళ్లిళ్లకి, వ్రతాలకి డేట్ వాయిదా వేసే మాత్రలు మెడికల్ షాపులో కొని వేసుకున్నావా? ఈ ఒక్కటి పిల్లలెవరూ తమంతట తాము చెప్పరు, దాన్ని వాళ్లు మందు కింద లెక్కేయరు.

గర్భ పరీక్ష కూడా చేస్తారు, పెళ్లయినా కాకపోయినా అందరికీ చేస్తారు, దాన్ని అవమానంగా తీసుకోకు. మాకు అది టెంపరేచర్ చూడటం లాంటిదే. స్కాన్ గురించి మీ అమ్మకి భయం ఉంటే చెప్పు, పెళ్లికాని పిల్లలకి కడుపు మీద నుంచే చేస్తారు, లోపలి నుంచి కాదు. నాలుగైదు గ్లాసుల నీళ్లు తాగి మూత్రం పట్టుకుని కూర్చోవాలి, అంతే కష్టం.

డబ్బు ఇబ్బంది అయితే, తెలంగాణలో ఆడవాళ్ల కోసమే ఆరోగ్య మహిళ క్లినిక్‌లు 2023 మార్చి 8న మొదలుపెట్టారు, కొన్ని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో, బస్తీ దవాఖానాల్లో మంగళవారాలు. నీ దగ్గర ఏ రోజు చూస్తున్నారో ఆశా కార్యకర్తని అడుగు.

గంటకో ప్యాడ్ తడిసిపోతున్నా, కళ్లు తిరిగినా, ఒక పక్కనే భరించలేని నొప్పి వచ్చినా ఇవేవీ చూడకు, అదే రోజు ఆసుపత్రికి వెళ్లు.


వానచినుకు:

సిస్టర్ గారూ, మీ పోస్ట్ మూడుసార్లు చదివాను. తారీఖులు ఎక్కడా రాసుకోలేదు, డెలివరీ యాప్‌లో ప్యాడ్లు ఆర్డర్ పెట్టిన రోజులు వెతికి పట్టుకున్నా. ఏప్రిల్ 6, మే 21, జులై 12, ఇవాళ సెప్టెంబర్ 20. అంటే 45, 52, 70.

మీరు అడిగిన ఆఖరిది చదివి గుండె జారిపోయింది. మే నెలలో మా బాబాయి కూతురి పెళ్లి, పెళ్లికూతుర్ని చేసే రోజు నుంచి సత్యనారాయణ వ్రతం దాకా పన్నెండు రోజులు ఆ మాత్రలు వేసుకున్నా. మా పిన్ని తెచ్చిచ్చింది, ఇంట్లో ఆడపిల్లలందరం వేసుకున్నాం. ఆపిన మూడో రోజు డేట్ వచ్చింది. మెడ వెనక నల్లగా ఉంది, మీరన్నట్టే నేనూ పీచుతో రుద్దేదాన్ని. పాలలాంటిదేమీ లేదు. అమ్మకి షుగర్ నలభై ఏళ్లకే వచ్చింది.


సిస్టర్ వరంగల్:

చూశావా, మే 21న వచ్చింది నీ ఒళ్లు తనంతట తాను తెచ్చుకున్న డేట్ కాదు, మాత్ర ఆపినందుకు వచ్చింది. దాన్ని పక్కన పెడితే ఏప్రిల్ 6 నుంచి జులై 12 దాకా 97 రోజులు, నీకు సొంతంగా డేట్ రాలేదనే అనుకోవాలి. డాక్టర్‌కి 45, 52, 70 అని చెప్తే ఒక బొమ్మ కనిపిస్తుంది, ఈ మాత్రల సంగతి చెప్తే ఇంకో బొమ్మ. తప్పకుండా చెప్పు. ఆ మాత్రలు ఎప్పుడో ఒకసారి డాక్టర్ చెప్పినట్టు వేసుకోవడం వేరు, షాపులో కొని ఇంటిల్లిపాదీ పంచుకోవడం వేరు. కాళ్లలో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవాళ్లు, కొన్ని రకాల మైగ్రేన్ ఉన్నవాళ్లు అసలు వేసుకోకూడదు, షాపులో అది అడిగేవాళ్లుండరు.

ఈ వారమే వెళ్లు తల్లీ. టీఎస్‌హెచ్, ప్రొలాక్టిన్, షుగర్, మగ హార్మోన్, స్కాన్, ఇవి మామూలుగా రాస్తారు. పరగడుపున వెళితే షుగర్ పరీక్ష కూడా అప్పుడే అయిపోతుంది.


డాలస్ నుంచి:

నేను చదువుకోవడానికి ఇక్కడికి వచ్చిన మొదటి ఏడాది ఇలాగే ఆరు నెలలు ఆగిపోయింది, కానీ నాది తిరగబడ్డ కేసు, అందుకే రాస్తున్నా. నేను లావు కాదు. రాత్రి ఒక ఆపిల్, రోజూ రెండు గంటలు జిమ్, 9 కిలోలు తగ్గి అందరూ బాగున్నావంటే సంతోషపడ్డా. తిండి చాలక, ఒళ్లు బాగా అలిసిపోయి మెదడే అండానికి సిగ్నల్ ఆపేసిందని ఇక్కడి డాక్టర్ చెప్పింది. అన్నం, పప్పు, నెయ్యి మళ్లీ మొదలుపెట్టి జిమ్ తగ్గించాక వచ్చింది. కాబట్టి డేట్ రానివాళ్లందరికీ "బరువు తగ్గు" అని చెప్పేయకండి, చాలామంది పిల్లలు ఆ మాట పట్టుకుని తిండి మానేస్తారు.


వానచినుకు:

మూడు వారాలైంది, రాయకుండా ఉండలేకపోయా. రూమ్మేట్‌ని తోడు తీసుకుని వెళ్లాను. వెళ్లేముందు కర్నూలు అక్క, పెద్దమ్మగారు రాసినవి అమ్మకి ఫోన్‌లో చదివి వినిపించా. తోటికోడలు పొయ్యి దగ్గర గోడకి ఆనుకుని నిలబడేది అన్న దగ్గర అమ్మ ఏం మాట్లాడలేదు. పొద్దున్నే "నేనూ వస్తున్నా, రైలెక్కాను" అని ఫోన్. చివరికి ముగ్గురం వెళ్లాం. బయట బెంచీ మీద నా వయసు పిల్లలే సగం మంది, వాళ్ల పక్కన వాళ్ల అమ్మలు. అది చూశాక అమ్మ కొంచెం కుదుటపడింది.

గర్భ పరీక్ష చేశారు, లేదు. థైరాయిడ్, ప్రొలాక్టిన్ మామూలే. మూడు నెలల షుగర్ సగటు 5.9 వచ్చింది, 5.7 దాటితే అంచులో ఉన్నట్టట. పీసీఓడీ అన్నారు. డాక్టర్ కాగితం మీద బొమ్మ వేసి చూపించారు, అందరూ నీటి బుడగలు అంటారు కానీ అవి బుడగలు కావు, పక్వానికి రాకుండా మధ్యలో ఆగిపోయిన, అండం పెరిగే చిన్న చిన్న సంచులు, వాటిని కోసి తీయాల్సిన పని లేదు అన్నారు. నెలసరి తప్పడం, మగ హార్మోన్ ఎక్కువ ఉండటం, స్కాన్‌లో అలా కనిపించడం, ఈ మూడింట్లో రెండుంటే పీసీఓడీ అంటారట. ఒంట్లో ఇన్సులిన్ ఎక్కువైతే అండాశయం మగ హార్మోన్ ఎక్కువ చేస్తుంది, దాంతో అండం పక్వానికి రాదు. మెడ నలుపు, గడ్డం వెంట్రుకలు, డేట్ రాకపోవడం మూడూ ఒకే తీగకి కాసినవే. నేను ఇన్నాళ్లూ మూడు వేరువేరు బాధలు అనుకుంటున్నా.

పొర రాలడానికి పది రోజుల మాత్రలు ఇచ్చారు, ఆపిన నాలుగో రోజు డేట్ వచ్చింది, ఐదు రోజులు. బరువులో ఐదు నుంచి పది శాతం తగ్గినా అండం తిరిగి రావడం మొదలయ్యే అవకాశం బాగా ఉందట. అంటే నాకు మూడున్నర నుంచి ఆరున్నర కిలోలు. పెద్ద లెక్కేం కాదనిపించింది. మూడు నెలలు చూసి అప్పుడు మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర సంగతి ఆలోచిద్దాం అన్నారు. రాత్రి రెండింటికి ఆఫీసులో బిర్యానీ, కూల్ డ్రింక్ మానేశా, హాస్టల్ నుంచి పెసరట్టు చుట్టి తీసుకెళ్తున్నా. పగలు నిద్రకి కిటికీకి నల్ల గుడ్డ కట్టాను. షిఫ్ట్ మార్చమని మేనేజర్‌ని అడిగా, డిసెంబర్ నుంచి అంటున్నారు.

అమ్మ ఇంకా మెంతులు పంపుతూనే ఉంది, అవి తింటున్నా. చిమ్మిలి మాత్రం అరకిలో డబ్బా అలాగే ఉంది, బెల్లం కదా, ఇప్పుడు తినొచ్చా?


కర్నూలు కోడలు:

చాలా మంచి పని చేశావు చెల్లీ. మీ అమ్మగారు రైలెక్కి వచ్చారన్నది చదివి కళ్లలో నీళ్లొచ్చాయి.


సిస్టర్ వరంగల్:

థైరాయిడ్ మామూలుగా ఉంది, అది మంచి విషయం. షుగర్ అంచులో ఉంది కాబట్టి ఏడాదికోసారి చూపించుకోవడం మానకు, మీ అమ్మకి నలభైకే వచ్చిందన్నావు కదా. నడక వారానికి 150 నిమిషాలు, అంటే రోజుకి ఓ ఇరవై రెండు నిమిషాలు, మాట్లాడగలిగి పాట పాడలేనంత వేగంతో. ఒక్కసారి డేట్ వచ్చింది కదా అని అయిపోయిందనుకోవద్దు, అది మాత్ర తెచ్చిన డేట్, నీది ఎప్పుడొస్తుందో క్యాలెండర్‌లో చూడాలి. మళ్లీ 90 రోజులు దాటితే వెంటనే వెళ్లు. చిమ్మిలి ఎప్పుడైనా ఒక ఉండకి నేను అడ్డు చెప్పను, రోజూ మాత్రం వద్దు.


పెరటిచెట్టు:

ఆ డబ్బా హాస్టల్‌లో పిల్లలకి పంచిపెట్టు తల్లీ, రక్తం తక్కువున్నవాళ్లు ఎవరో ఒకరుంటారు. నీకు నువ్వులు కావాలంటే బెల్లం లేకుండా పొడి చేసుకో, మీ అమ్మకి చెప్పు, ఆవిడకీ షుగరే కదా, ఇద్దరికీ అవుతుంది. నువ్వులు దోరగా వేయించి పక్కన పెట్టి, అదే మూకుట్లో ఎండుమిరపకాయలు, జీలకర్ర, గుప్పెడు కరివేపాకు తేమ పోయేదాకా వేయించాలి. ఉప్పు, నాలుగు వెల్లుల్లి రెబ్బలు వేసి కచ్చాపచ్చాగా దంచాలి, మిక్సీలో అయితే ఆపి ఆపి తిప్పాలి, లేకపోతే నూనె ఊరి ముద్దయిపోతుంది. బీరకాయ కూరలోనో, వంకాయ వేపుడులోనో దించేముందు రెండు చెంచాలు చల్లుకో. కూర ఎక్కువ పెట్టుకుని అన్నం తగ్గించు. తిన్న వెంటనే టీ తాగకు, నువ్వుల్లో ఉన్న ఇనుము ఒంటికి సరిగ్గా పట్టదు, బదులుగా ఒక నిమ్మబద్ద పిండుకో. మీ అమ్మ నంబరు నాకు వద్దులే కానీ, నరసాపురం పెద్దమ్మ అడిగిందని చెప్పు.